రెండు నదులు... ఒక దరఖాస్తు

కృష్ణమ్మలో మూసీ కలిసే చోటు వాడపల్లి. మొక్కులున్నవాళ్లు వెళ్తారు. పుష్కరాలప్పుడు లక్షలమంది వెళ్తారు. మేం ముగ్గురం మాత్రం ఒక పేజీ ఉత్తరం రాయడానికి వెళ్లాం!

కార్తీకం వెళ్లిపోయాక వచ్చిన ఆదివారం అది. మిర్యాలగూడలో మా అక్కయ్య ఇంటి ముందు బండెక్కేసరికి ఏడున్నర. వెనక సీట్లో మేనకోడలు, ముందు సీట్లో బావ. అక్కయ్య పరుగున వచ్చి అటుకుల పొట్లం, మంచినీళ్ల సీసా కిటికీలోంచి అందించింది. ‘సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చుకొని రండి’ అంది. తేల్చాల్సిన సంగతేమిటో అందరికీ తెలుసు. ఎవరం మాట్లాడలేదు.

సంగతి ఇదీ. మేనకోడలు లా పూర్తిచేసింది. ఎన్‌రోల్‌మెంటు అయింది. 2011లో మొదలైన ఆలిండియా బార్ పరీక్ష కూడా గట్టెక్కింది. హైదరాబాద్‌లో పన్నుల కేసులు మాత్రమే చూసే ఓ సీనియర్ న్యాయవాది ఆఫీసులో జూనియర్లు కావాలని తెలిసింది. మార్కుల కాగితాలతోపాటు ఒక పేజీ ఉత్తరం అడిగారు. ‘పన్నుల చట్టమే ఎందుకు?’ అన్నది అందులో ప్రశ్న. సోమవారం ఆఖరి రోజు. అదే వారంలో ఓ ప్రైవేటు బ్యాంకులో అప్పుల వసూలు విభాగంలో చేరమని మరో కాగితం వచ్చింది. అందులో జీతం అంకె స్పష్టంగా ఉంది. ఇందులో లేదు.

నాలుగు రోజుల నుంచీ ఆ అమ్మాయి ఉత్తరం రాస్తోంది, చించేస్తోంది. ‘చిన్నప్పటి నుంచీ నాకు పన్నులంటే ఆసక్తి అని రాస్తే ఎవరైనా నమ్ముతారా మామయ్యా?’ అని అడిగింది. నవ్వొచ్చింది. అందుకే, ‘పద, వాడపల్లి వెళ్లొద్దాం’ అన్నాను.

వడ్ల వాసన, సిమెంటు దుమ్ము

నార్కట్‌పల్లి - అద్దంకి రహదారి మీద మిర్యాలగూడ దాటితే కాసేపు రైసుమిల్లుల గొట్టాలే కనిపిస్తాయి. ఉడకబెట్టిన వడ్ల వాసన బండిలోకి కొడుతుంది. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలాక ఈ నేల ముఖమే మారిపోయింది. ఎడమ కాల్వ కింద వరి, వరి వెనక మిల్లులు, మిల్లుల వెనక లారీలు, లారీల వెనక కాగితాలు. ఆ కాగితాలే మా బావ జీవితం. ముప్పయ్యేళ్లకు పైగా మిల్లులో గుమాస్తాగిరీ చేసి మొన్ననే మానేశాడు.

దామరచర్ల వచ్చేసరికి దృశ్యం మారుతుంది. వీర్లపాలెం వైపు యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు ఆకాశంలో నిలబడి ఉంటాయి. ఎనిమిది వందల మెగావాట్ల యూనిట్లు ఐదు, అంటే మొత్తం నాలుగు వేల మెగావాట్ల కేంద్రం. ఇంకాస్త ముందుకెళ్తే విష్ణుపురం. బి.వి.రాజు పెట్టిన రాశి సిమెంట్స్ ఇక్కడిదే. 1998లో దాన్ని ఇండియా సిమెంట్స్ కొనేసింది. నేల కింద సున్నపురాయి, నేల మీద వరి. ఈ రెండింటి చుట్టూ ఎన్ని పన్నుల తగాదాలు నడిచాయో ఆ రోజు దాకా నాకు తెలియదు.

మేనకోడలే చెప్పింది. 1988లో ‘ఇండియా సిమెంట్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్’ అని ఒక తీర్పు వచ్చిందట. మన రాష్ట్రంలో తయారైన సిమెంటుకు అమ్మకపు పన్ను తగ్గిస్తామని అప్పటి ప్రభుత్వం అంది. పక్క రాష్ట్రం సిమెంటు కంపెనీ కోర్టుకెళ్లింది. ఒకే దేశంలో సరుకు పుట్టిన ఊరును బట్టి పన్నులో తేడా చూపడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. ‘మన ఊరి సిమెంటుకే మేలు చేసే ఉత్తర్వు కదా, కొట్టేస్తే నష్టం మనకే గదా?’ అన్నాడు బావ. ‘మన బియ్యం తమిళనాడు పోతే వాళ్లూ అట్లనే చేస్తరు నాన్నా’ అంది ఆ అమ్మాయి. బావ కిటికీలోంచి బయటికి చూశాడు.

హద్దు... వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది

వాడపల్లి ఊరి చివర వంతెన. వంతెన అవతల పొందుగల. అది పల్నాడు జిల్లా, ఆంధ్రప్రదేశ్. ఈ నది ఎన్నిసార్లు సరిహద్దు అయిందో లెక్కేస్తే విచిత్రంగా ఉంటుంది. నిజాం కాలంలో ఇవతలి ఒడ్డు హైదరాబాద్ రాజ్యం, అవతలి ఒడ్డు ఇంగ్లిషువాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ. హద్దు దాటే సరుకు మీద సుంకం వసూలు చేసే శాఖను నిజాం రాజ్యంలో కరోడ్‌గిరి అనేవాళ్లు. 1956 నవంబరు 1న రెండొడ్లూ ఒకే రాష్ట్రమయ్యాయి. యాభై ఏడేళ్లకు పైగా అది వట్టి జిల్లాల హద్దు. 2014 జూన్ 2న మళ్లీ రాష్ట్రాల హద్దయింది. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టు వచ్చింది. మూడేళ్లు తిరిగాయో లేదో, 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. దేశమంతటా ఆ చెక్‌పోస్టులు ఎత్తేశారు!

బావ బండి ఆపమన్నాడు. రోడ్డు పక్కన నిలబడి చేత్తో చూపించాడు. ‘గీడ నుంచి గాడి దాకా లారీలు ఆగేటివి. డ్రైవర్లు కిందనే వండుకునేటోళ్లు’ అన్నాడు. ఇప్పుడు లారీలు ఆగకుండా పోతున్నాయి. యాభై వేల రూపాయలు దాటిన సరుకైతే ఈ-వే బిల్లు ఉండాలి. అది డ్రైవర్ సెల్‌ఫోన్‌లో ఉంటుంది. వడ్ల సీజన్‌లో మాత్రం అవతలి వైపు నుంచి వచ్చే ధాన్యం లారీలను ఇక్కడ ఆపిన వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం.

పక్కనే టీ కొట్టు. టీ తాగుతూ బావ ఉన్నట్టుండి ఒక పాత సంగతి చెప్పాడు. పాతికేళ్లుగా బావను ఎరుగుదును. ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

2009లో జరిగిందట. ఇక్కడ కాదు. ఉమ్మడి రాష్ట్రం మరో అంచున, పేరు చెప్పనవసరం లేని ఒక గేటు దగ్గర. బియ్యం లోడుతో వెళ్లిన లారీని ఆపేశారు. వే బిల్లులో బండి నంబరు ఒక అంకె తప్పు పడింది. మూడుకు బదులు ఎనిమిది. రాసింది బావే. రెండు రోజులు లారీ కదల్లేదు. జరిమానా కడితేగానీ వదల్లేదు. యజమాని ఆ డబ్బు బావ జీతంలోంచి నెలనెలా పట్టుకున్నాడు. ‘ఎనిమిది నెలలు’ అన్నాడు బావ. ‘మీ అక్కకు చెప్పలే. పిల్ల ఫీజు ఆలస్యమైతే ఏదో చెప్పిన.’

మేనకోడలు టీ గ్లాసు కింద పెట్టేసింది. ‘రసీదు ఉందా నాన్నా?’ అని అడిగింది. ‘ట్రంకు పెట్టెల ఉంది. ఎందుకు పారేస్త?’ అన్నాడు.

‘అప్పటి వ్యాట్ చట్టం కింద ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకునే వీలుండేది’ అంది నెమ్మదిగా. బావ చాలాసేపు ఏమీ అనలేదు. ‘నాకెవరు చెప్పిన్రు?’ అన్నాడు చివరికి.

అమ్మాయి చెప్పిన మిగతా సగం ఇంకా ఆశ్చర్యం. జీఎస్టీ వచ్చిన ఏడాదికి, 2018 సెప్టెంబరు 14న, కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఈ-వే బిల్లులో బండి నంబరు ఒకటి రెండు అంకెలు తప్పు పడినంత మాత్రాన సరుకును పట్టి ఉంచొద్దని అందులో ఉంది. కేంద్ర చట్టం కింద 500, రాష్ట్ర చట్టం కింద 500, మొత్తం వెయ్యి రూపాయల జరిమానాతో వదిలేయాలట. సరిగ్గా బావ చేసిన తప్పు లాంటిదే! ‘నీలాంటోళ్లు దేశంలో చాలామంది ఉన్నట్టున్నరు నాన్నా. ఎవరో కోర్టుల చుట్టూ తిరిగితేనే గదా ఇట్లాంటివి వచ్చేది’ అంది.

శివుడు తీర్చిన లెక్క

గుళ్లోకి వెళ్లేసరికి ఎండెక్కింది. సంగమం ఒడ్డున మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి ఆలయం. అగస్త్యుడు ప్రతిష్ఠించాడని స్థల పురాణం. లింగం తల మీద గుంటలుంటాయి. వాటిలో నీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. ఎంత తోడినా తరగదనీ, ఎక్కడి నుంచి వస్తుందో తెలియదనీ చెబుతారు. కథ ఏమిటంటే... ఒక బోయవాడు తరుముతుంటే పిట్ట వచ్చి శివుడి వెనక దాక్కుంది. శరణన్న ప్రాణిని ఇవ్వనన్నాడు స్వామి. ‘మరి నా ఆకలి సంగతేమిటి?’ అన్నాడు బోయవాడు. కావాలంటే నా తలలోంచి మాంసం తీసుకో అన్నాడట శివుడు. ఆ వేళ్ల గుర్తులే ఈ గుంటలు. గాయం కడగడానికి వచ్చిన గంగే ఈ నీరు.

ఈ కథ చాలాసార్లు విన్నాను. పిట్టను కాపాడిన కథగానే విన్నాను. మేనకోడలికి మాత్రం బోయవాడు కనిపించాడు. ‘బోయవాడి ఆకలీ నిజమే కదా మామయ్యా. పో అని కొట్టి పంపలేదు. ఇద్దరి మాటా విన్నాడు’ అంది. పిల్ల అప్పుడే వకీలైపోయింది అనుకున్నాను.

దగ్గర్లోనే లక్ష్మీనరసింహస్వామి గుడి. ఇక్కడ రెండు దీపాలు చూడాలి. స్వామి ముఖం ఎత్తులో వెలిగే దీపం రెపరెపలాడుతూ ఉంటుంది. కింద దీపం కదలకుండా ఉంటుంది. పైది స్వామి ఊపిరికి కదులుతోందని భక్తుల నమ్మకం. బావ అక్కడ చాలాసేపు నిలబడ్డాడు.

అటుకులు బియ్యమేనా?

మెట్ల మీద కూర్చుని అటుకుల పొట్లం విప్పాం. ఎదురుగా సంగమం. కృష్ణ తేటగా, వెడల్పుగా వస్తుంది. మూసీ సన్నగా, కాస్త మసక రంగుతో వచ్చి కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురికంతా మోసుకొని, సూర్యాపేట వైపు పొలాలు తడిపి ఇక్కడ ముగుస్తుంది. 1908 వరదల్లో నగరాన్ని ముంచింది ఈ నదే. 1920లో ప్రారంభమైన హైకోర్టు ఎర్రరాతి భవనం నిలబడింది కూడా దీని ఒడ్డునే. ‘నువ్వు వెళ్లాలనుకుంటున్న కోర్టు పక్క నుంచే ఈ నీళ్లు వచ్చాయి తల్లీ’ అన్నాను.

ఆ అమ్మాయి గుప్పెడు అటుకులు తీసి, ‘మామయ్యా, ఇవి బియ్యమేనా?’ అంది.

వేళాకోళం అనుకున్నాను. కాదట. 1978లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ప్రశ్న ఇది. ‘అల్లాడి వెంకటేశ్వర్లు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం’ ఆ కేసు పేరు. అటుకులు, మరమరాలు బియ్యం కిందికి వస్తాయా, వేరే సరుకా అన్నది తగాదా. బియ్యమైతే ఒక పన్ను, వేరే సరుకైతే మరో పన్ను. బియ్యమే అన్నారు వ్యాపారులు. కాదంది శాఖ. బియ్యం అన్న మాట విశాలమైనదనీ, అటుకులూ మరమరాలూ అందులోకే వస్తాయనీ తీర్పు వచ్చింది. మన తెలుగు మాటలు అటుకులు, మరమరాలు ఢిల్లీ తీర్పులోకి ఎక్కాయన్నమాట! అయితే వడ్లు, బియ్యం మాత్రం ఒకటి కాదని 1970ల్లోనే హర్యానా వ్యాపారుల కేసులో అదే కోర్టు చెప్పింది.

‘మిల్లుల వడ్లు పోస్తే బియ్యమొస్తయి. రెండూ ఒకటే కాదని చెప్పడానికి సుప్రీంకోర్టు కావాల్నా?’ అని నవ్వాడు బావ. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఇలాంటివి మన దగ్గరే కాదు. ఇంగ్లండులో జాఫా కేక్ అని ఒక తినుబండారం ఉంది. చాక్లెట్ పూసిన బిస్కెట్ అయితే వ్యాట్ ఉంటుంది, కేకైతే ఉండదు. 1991లో అక్కడి ట్రైబ్యునల్ ముందు పెద్ద వాదనే నడిచింది. నిలవుంటే బిస్కెట్ మెత్తబడుతుంది, కేకు గట్టిపడుతుంది... ఇది గట్టిపడుతోంది కాబట్టి కేకే అన్నది వాదనల్లో ఒకటి. కేకే గెలిచింది.

లండన్‌లో ఒకలా... ఇక్కడ ఒకలా

మేనకోడలి స్నేహితురాలొకామె లండన్‌లో ఇదే పని కోసం దరఖాస్తు పెడుతోందట. అక్కడ బారిస్టర్ కావాలంటే నాలుగు ‘ఇన్’లలో ఒకదాంట్లో చేరాలి. బార్ కోర్సు చదవాలి. ఆ తర్వాత ఏడాది శిక్షణ, దాన్ని ప్యూపిలేజ్ అంటారు. మొదటి ఆరు నెలలు సీనియర్ వెంట తిరిగి చూడాలి. తర్వాతి ఆరు నెలలు సొంతంగా వాదించొచ్చు. వేలమంది పోటీ పడితే దొరికేది కొన్ని వందల సీట్లు. పన్నుల కేసులే చూసే ఛాంబర్లయితే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఒక్కోదాంట్లో తీసుకునేది ఒకరిద్దర్ని. రాత పరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ ఉంటాయి. ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. శిక్షణలో ఉన్నవాళ్లకు డబ్బివ్వడం 2003 నుంచి అక్కడ తప్పనిసరి.

బారిస్టర్ అనగానే మనకు టంగుటూరి ప్రకాశం పంతులుగారే గుర్తొస్తారు. రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరుగా ఎంత పేరున్నా హైకోర్టులో వాదించే అర్హత లేకపోయింది. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిస్టరై 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో నిలబడ్డారు. 1961లో అడ్వకేట్స్ చట్టం వచ్చాక ఆ తరగతులన్నీ పోయాయి. ఇప్పుడు అందరూ అడ్వకేట్లే.

మరి శిక్షణ? ఏడాది శిక్షణ తప్పనిసరి చేస్తూ 1995లో బార్ కౌన్సిల్ పెట్టిన నిబంధనలను 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అలా పెట్టే అధికారం చట్టంలో లేదంది. కాబట్టి ఇక్కడ శిక్షణ అంటే ఎవరైనా సీనియర్ చేరనిస్తే చేరడమే. చాలాచోట్ల దరఖాస్తు ఉండదు, తెలిసినవాళ్ల మాట ఉంటుంది. జీతం మాట అడగలేం. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్లకు మూడేళ్లపాటు నెలకు ఐదు వేలిచ్చే పథకం మొదలుపెట్టారు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని సీనియర్లకు సూచించింది. అది సూచనే. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు, ఎన్‌రోల్‌మెంటు ఫీజు 750 రూపాయలకు మించకూడదని, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలేనని చెప్పింది. గుమాస్తా ఇళ్ల పిల్లలకు అది చిన్న మాట కాదు.

పనికి మాత్రం కరవుండదట. ఆదాయపు పన్ను ట్రైబ్యునల్, జీఎస్టీ అప్పీళ్లలో చార్టర్డ్ అకౌంటెంట్లు కూడా వాదించొచ్చు. హైకోర్టుకు వెళ్తే మాత్రం నల్లకోటు ఉండాల్సిందే. 2025 సెప్టెంబరులో జీఎస్టీ అప్పీళ్ల ట్రైబ్యునల్‌ను ప్రారంభించారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా కొత్త చట్టం చేశారు. పాతవాళ్లూ కొత్తగా చదువుకోవాల్సిన సమయం.

‘అదంతా సరే’ అన్నాడు బావ. ‘పన్ను ఎగ్గొట్టెటోళ్లకు దారి చూపుడే గదా ఆ పని? నేను ముప్పయ్యేండ్లు చూసిన.’

అసలు ముడి అదీ. జీతం కాదు.

నాకు మోటుపల్లి శాసనం గుర్తొచ్చింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్ర వ్యాపారులకు ఇచ్చిన అభయశాసనం అది. అంతకుముందు తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునేవాళ్లు. ఇకమీదట అలా చేయం, నిర్ణయించిన సుంకం, ముప్పైలో ఒక వంతు తప్ప ఇంకేమీ తీసుకోం అని రాతి మీద చెక్కించాడు. ఎంత తీసుకుంటామో ముందే చెప్పి, అంతే తీసుకుంటే అది పన్ను. చెప్పకుండా తీసుకుంటే దోపిడీ. మన రాజ్యాంగం 265వ అధికరణం చెప్పేదీ అదే... చట్టం లేకుండా పన్ను వేయకూడదు, వసూలు చేయకూడదు.

బావకు ఇదే చెప్పాను. ఆయన వినీ విననట్టు నీళ్ల వైపు చూస్తున్నాడు. మేనకోడలు మాత్రం సంచీలోంచి కాగితం తీసింది. మెట్ల మీదే రాయడం మొదలుపెట్టింది. గంటలోపు పేజీ నిండింది. ‘మా నాన్న వే బిల్లులో ఒక అంకె తప్పు రాశారు’ అన్నది మొదటి వాక్యం. చిన్నప్పటి ఆసక్తి గురించి ఒక్క ముక్క లేదు.

బావ చదవమన్నాడు. చదివింది. ‘నా పేరు రాయకు’ అన్నాడు. అంతే. చించేయమని మాత్రం అనలేదు.

ఉత్తరం సోమవారం పొద్దున్నే పంపింది. బ్యాంకువాళ్లకు రానని చెప్పేసింది. బావ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ట్రంకు పెట్టె చప్పుడైందట. పొద్దున లేచి చూస్తే, ఆమె లా పుస్తకంలో ఆ పాత రసీదు మడతపెట్టి ఉందట. ఇది రాసేనాటికి హైదరాబాద్ నుంచి జవాబు రాలేదు. ఆ అమ్మాయి ఎదురుచూస్తోంది. బావ కూడా.

ఇలా వెళ్లాలి

నార్కట్‌పల్లి - అద్దంకి రహదారిలో నల్గొండ, మిర్యాలగూడ, దామరచర్ల మీదుగా వాడపల్లి చేరొచ్చు. గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లు పిడుగురాళ్ల, దాచేపల్లి, పొందుగల మీదుగా వంతెన దాటితే చాలు. రైల్లోనైతే విష్ణుపురం స్టేషన్ దగ్గర. బస, భోజనాలకు మిర్యాలగూడే నయం. నదిలో నీళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు మెట్లు దాటి లోపలికి దిగొద్దు. 2016లో కృష్ణా పుష్కరాలు జరిగాయి, మళ్లీ 2028లో వస్తాయి. జనం లేనప్పుడు చూడాలంటే మాత్రం ఏదో ఒక మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. తినడానికి అటుకులు కట్టుకెళ్లండి... అవి బియ్యమే!